పది వేళ్లను ఢిల్లీ తీసుకెళ్లాను

ఢిల్లీ వెళ్లొచ్చానని తెలియగానే బందరులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, ఏం చూశావని. కీబోర్డు చూశానన్నాను. వేళాకోళం అనుకున్నారు. నిజంగానే ఎర్రకోటను నేను బస్సు కిటికీలోంచి కూడా చూడలేదు. ఐదు రోజులు ఆ ఊళ్లో ఉండి, అందులో రెండు రోజులు ఒక కుర్రాడి పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని టైపు కొట్టి వచ్చాను. ఎర్రకోట సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఈ సంగతి రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. ముప్పై ఏళ్లుగా నాది టైపు ఇన్‌స్టిట్యూట్. తెలుగు లోయరు, హయ్యరు నా దగ్గర నేర్చుకుని పాసయిన వాళ్లలో సుగుణ ఒకతె. ఒక ప్రభుత్వ కార్యాలయంలో తొమ్మిదేళ్లుగా టెంపరరీ టైపిస్టు. ఆ చలికాలం వాళ్ల ఆఫీసులో టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. కంప్యూటరు మీద తెలుగు పరీక్ష ఉంటుందని, నిమిషానికి పాతిక మాటలు కొట్టినవాళ్లను పర్మనెంటు చేస్తామని, కొట్టలేనివాళ్లు ఇక రానక్కర్లేదని చెప్పారు. మిషను మీద నలభై కొట్టే సుగుణ కంప్యూటరు మీద పన్నెండు దగ్గర ఆగిపోయింది.

"మేడం గారూ, మీరు నేర్పిందే నాకు అడ్డం వస్తోందండీ" అంది ఒకరోజు సాయంత్రం వచ్చి. నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట అంది. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సంగతి ఇది. మా తెలుగు మిషను మీద గుడి, కొమ్ము లాంటి గుర్తుల కీ కొడితే కాగితం మోసే క్యారేజి కదలదు. గుర్తు పడుతుంది, క్యారేజి అక్కడే నిలబడుతుంది. ఆ తర్వాత అక్షరం కొడితే అది వచ్చి గుర్తు కిందకి సరిగ్గా చేరుతుంది, అప్పుడు క్యారేజి జరుగుతుంది. అంటే ముందు గుర్తు, తర్వాత అక్షరం. కంప్యూటరుకి ముందు అక్షరం కావాలి. సుగుణ వేళ్లు అలవాటుగా గుర్తును ముందు కొడితే, తెర మీద చుక్కలతో గీసిన ఒక ఖాళీ సున్నా, దాని నెత్తిన దిక్కులేని గుడి కనిపించేవి. వందల కొద్దీ గుళ్లు, ఒక్కదాని కిందా మనిషి లేడు. పైగా అక్షరాల చోట్లు కూడా వేరే.

పాత శిష్యురాలు పద్మజ ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ స్టెనోగ్రాఫరు. ఫోనులో ఆమెకు ఈ గోడు చెప్పుకుంటే, "మా అబ్బాయి నిఖిల్ ఇలాంటివే చేస్తుంటాడు మేడమ్, ఖాళీ టైములో. ఏవేవో భాషలకి కీబోర్డులు రాసి ఇంటర్నెట్లో ఊరికే పెడతాడు" అంది. ఆ అబ్బాయి ఫోను తీసుకుని, మీ మిషను మీద ఏ అక్షరం ఎక్కడుందో చెప్పండి అన్నాడు. నోరు తెరిచాను, ఒక్కటీ రాలేదు. గోడ మీది చార్టు వానకి నాని ఏనాడో పోయింది. కీల మీద అచ్చులు అరిగి నున్నబడ్డాయి. 'ల' ఎక్కడుందంటే నా వేలికి తెలుసు, నాకు తెలియదు. వేళ్లను పోస్టులో పంపలేను కదా.

రైల్లో

విజయవాడలో ఎక్కిన రైలు రెండో రోజు పొద్దున మధుర దాటాక పొగమంచులో ఆగిపోయింది. కిటికీ బయట తెల్లటి గోడ కట్టినట్టు ఉంది. ఆ గోడలోంచి అప్పుడప్పుడు ఒక గేదె, ఒక సైకిలు వచ్చి మళ్లీ గోడలోకి వెళ్లిపోయేవి. మా కోస్తాలో మంచు అంటే పొద్దెక్కేసరికి సిగ్గుపడి పోయే వస్తువు. ఇది అత్తగారిలా తిష్ట వేసింది. నాలుగు గంటలు ఆలస్యం.

ఎదురుగా ఒక పంజాబీ పెద్దావిడ. ఆమె మాట నాకు రాదు, నాది ఆమెకు రాదు. నేను టిఫిను డబ్బా మూత మీద వేళ్లు ఆడిస్తూ, మర్చిపోలేదు కదా అని హయ్యరు పాఠం ఒకటి కొట్టుకుంటున్నాను. ఆమె చాలాసేపు చూసి, లేచి నాకు కిటికీ పక్క చోటు ఇచ్చింది. ఆవకాయంత ఎర్రగా ఉన్న క్యారెట్ పచ్చడితో రెండు మెంతికూర పరాఠాలు పెట్టింది. తర్వాత చేతులు జోడించింది. అప్పుడు అర్థమైంది, నేను జపం చేసుకుంటున్నానని ఆమె అనుకుంటోందని. కాదని చెప్పే భాష లేక ఆశీర్వదించాను. పరాఠాలు మాత్రం చాలా బాగున్నాయి.

ఆర్.కె.పురం

పద్మజ వాళ్ల క్వార్టరులో రెండు గదులు, ఒక వరండా, వరండాలో మనిషికి సరిపడా ఎండ. భర్త ఆఫీసు పని మీద టూరులో ఉన్నారు. కొడుకుది నోయిడాలో ఉద్యోగం, అక్కడే చిన్న ఫ్లాటు. ఇరవై రెండేళ్ల ఢిల్లీ పద్మజను లావు చేసింది గాని గొంతు మార్చలేదు.

"కూర్చోండి మేడమ్, ఛోడియే, ఆ బకెట్ జోలికి వెళ్లకండి, అందులో రాడ్ పెట్టాను, కరెంటు" అని అరిచింది నేను స్నానానికి లేవగానే. బకెట్లో ఇనప చుట్ట పెట్టి నీళ్లు కాచుకుంటారు అక్కడ. చేయి పెట్టి వేడి చూడడం మనకు అలవాటు. ఆమె అరవకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

శీతాకాలం బఠాణీ కిలో పది రూపాయలని పద్మజ ఐదు కిలోలు తెచ్చి నేల మీద పోసింది. మా ఊళ్లో ఆ ధరకి గుప్పెడు రావు. ఇద్దరం కూర్చుని వలిచాం.

"నీకిప్పుడు తెలుగులో స్పీడ్ ఎంత?" అన్నాను వలుస్తూ.

"నాకా? ఇక్కడ తెలుగు ఎవరికి కావాలి మేడమ్. ఇంగ్లీషు, అంతే. వేళ్లు మర్చిపోయాయి." బఠాణీల మీంచి తల ఎత్తలేదు. "నిఖిల్‌కీ నేర్పలేదు. అర్థమవుతుంది, చదవలేడు. నాదే తప్పు."

తెలుగు చదవలేనివాడు తెలుగు కీబోర్డు చేస్తాడా? అంత దూరం వచ్చాక ఆ మాట బయటికి అనలేకపోయాను.

నెహ్రూ ప్లేస్

మర్నాడు శుక్రవారం, పద్మజ సెలవు పెట్టి నెహ్రూ ప్లేస్ తీసుకెళ్లింది. నాకు నచ్చిన కీబోర్డు ఒకటి కొనుక్కు రమ్మని నిఖిల్ చెప్పాడు. చుట్టూ మేడలు, మధ్యలో మైదానమంత జాగా, కింద గుడ్డలు పరిచి కంప్యూటరు భాగాలు వంకాయల్లా గుట్టలు పోసి అమ్ముతున్నారు. నిన్నటి కొత్త వస్తువులు ఇవాళ కిలోల్లో. ఇంకా రాని వస్తువుల పేర్లు కూడా చెబుతున్నారు, వచ్చే నెల వస్తాయి అక్కా అని. రేపటిని కూడా బేరం పెట్టిన బజారు నేను ఇంకెక్కడా చూడలేదు. పల్చటి ఎండలో నడుస్తుంటే, ఏ గుడ్డ మీద ఏ కాలం ఉందో తెలియని కలలో తిరుగుతున్నట్టు అనిపించింది.

ఒక దుకాణం ముందు కూర్చుని కీబోర్డులన్నీ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని కొట్టి చూశాను. ఒకటి మెత్తన, ఒకటి జారుడు, ఒకటి పిండిలో వేలు పెట్టినట్టు. తొమ్మిదోది అడిగేసరికి దుకాణదారు, "మాతాజీ, హార్మోనియం నహీ హై, కీబోర్డ్ హై!" అన్నాడు.

"ఈవిడకి రెండూ ఒకటే భయ్యా" అంది పద్మజ హిందీలో.

అతను నవ్వి బల్ల కింద నుంచి పసుపు తిరిగిన పాత కీబోర్డు తీశాడు. బరువు. కీ నొక్కితే టక్ మంటుంది. చప్పుడెక్కువని ఎవరూ కొనరట. నాకు ప్రాణం లేచి వచ్చింది. మూడు వందలు చెప్పి నూట ఎనభైకి ఇచ్చాడు. ఆ సంతోషంలో పక్క బండి దగ్గర పదిహేను రూపాయలకు ఛోలే కుల్చా తిన్నాం. శనగల కూర, మెత్తటి రొట్టె, పైన పచ్చి ఉల్లిపాయ వేసి నిమ్మకాయ పిండి ఆకు దొన్నెలో ఇస్తాడు. మా బందరు పునుగుల బండికి దీటుగా నిలబడగల బండి ఇదొక్కటే కనిపించింది.

నోయిడా, శనివారం

అప్పటికి నోయిడాకి మెట్రో రాలేదు. నేనూ పద్మజా ఎక్కిన బస్సు యమున దాటాక దారి పొడవునా స్తంభాలు నిలబడి ఉన్నాయి, పైన రైలు లేదు. రాబోయేదాన్ని మోయడానికి చేతులెత్తి ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. మంచులో ఒక్కో స్తంభం దగ్గరయ్యి దూరమవుతుంటే నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎక్కడో వదిలేశాను.

ఫ్లాట్ల గేటు దగ్గర కాపలాదారు పుస్తకంలో పేరు రాయమన్నాడు. తెలుగులో రాశాను. తిప్పి తిప్పి చూసి, "జలేబీ జైసా" అన్నాడు ముచ్చటగా. జిలేబీలా ఉందట. లోపలికి పంపాడు కాబట్టి క్షమించాను.

నిఖిల్‌కి పాతికేళ్లు. గడ్డం, ఉన్ని టోపీ, తల్లి కళ్లు. "నమస్తే ఆంటీ" అని కాళ్లకు వంగి, ఆ తర్వాత పూర్తిగా పనిలో పడ్డాడు. పసుపు కీబోర్డును తగిలించి, మీ మిషను అనుకుని మీకు కంఠతా వచ్చిన పాఠం ఏదైనా కొట్టండి అన్నాడు. ఏ కీ నొక్కానో కంప్యూటరు రాసుకుంటుంది. తల్లి అదే పాఠాన్ని అక్షరం అక్షరం విడదీసి చెబుతుంది. రెండూ పక్కపక్కన పెడితే ఏ కీ ఏ అక్షరమో తేలిపోతుంది.

కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. "అయ్యా, తమ కార్యాలయమునకు సమర్పించుకొను విన్నపము." ముప్పై ఏళ్లుగా ఆ విన్నపం పిల్లల చేత కొట్టిస్తున్నాను, ఇంతవరకు ఎవరికీ సమర్పించలేదు. మొదటి లైను అయిందనిపించగానే నా ఎడమ చెయ్యి లేచి, క్యారేజిని నెట్టబోయి, అక్కడున్న టీ గ్లాసును నెట్టింది. టీ నిఖిల్ నోటు పుస్తకం మీదుగా తివాచీ దాకా వెళ్లింది. పద్మజ గుడ్డ తెచ్చేలోపు ఇంకో లైను అయింది, చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి గ్లాసు లేదు.

"ఆంటీ, ఆదత్ పడ్ గయీ హై" అని నవ్వాడు. అలవాటైపోయిందట. నవ్వులో ఎగతాళి లేదు.

మధ్యాహ్నానికి పటం తయారైంది. ఇన్నేళ్లుగా నా వేళ్లలో ఉన్నది మొదటిసారి తెర మీద చూశాను. ఓహో, 'ల' ఇక్కడుంటుందా అనుకున్నాను.

కానీ నిఖిల్ నుదురు ముడిపడింది. "ఉల్టా ఆ రహా హై. మాత్రా ముందు వస్తోంది, లెటర్ తర్వాత. మేరే ప్రోగ్రామ్ మే గడ్‌బడ్ హై."

నీ ప్రోగ్రాములో తప్పు లేదు నాయనా, మేం కొట్టేదే అలా అని, క్యారేజి కదలని సంగతి చెప్పాను. తల్లి సగం హిందీలోకి తిప్పింది. నిఖిల్, "అంటే కంప్యూటర్‌కి ముందు ఆద్మీ కావాలి, తర్వాత టోపీ. మీరు టోపీ ముందు పెడుతున్నారు ఆంటీ" అన్నాడు, తన టోపీ చూపించి.

"మేం టోపీ పట్టుకుని నిలబడతాం. మనిషి వచ్చి అందులో దూరతాడు."

"తో ఫిర్ కంప్యూటర్ భీ పకడ్‌కే రఖేగా" అన్నాడు. అయితే కంప్యూటరే పట్టుకుని ఉంటుందట. గుర్తు రాగానే తెర మీద పెట్టకుండా దాచుకుని, అక్షరం వచ్చాక దానికి తొడిగేట్టు రాస్తానన్నాడు. ఇంతే కదా అన్నట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కొత్త మిషన్లు వచ్చినప్పుడల్లా మనుషులే మారాలనేవాళ్లను చూశాను గాని, మిషనుకి ఓపిక నేర్పుతాననేవాణ్ణి అప్పుడే చూడడం.

ఆదివారం, డాబా మీద

మర్నాడు కొట్టి చూస్తే గుర్తులు పక్కవాళ్ల నెత్తిన పడుతున్నాయి. మెల్లగా కొడితే బాగానే ఉంది. వేగం పెంచితే గందరగోళం. ఒక కీ వదలకముందే నేను రెండోది నొక్కేస్తున్నానని, తన ప్రోగ్రాము కీ వదిలినప్పుడు లెక్కపెడుతోందని నిఖిల్ కనిపెట్టాడు. "ఇతనీ తేజ్ కౌన్ టైప్ కర్తా హై?" ఇంత వేగంగా ఎవరు కొడతారు అని తల పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు అందరినీ ఆగొద్దని తిట్టినదాన్ని, నన్ను ఆగమంటే ఎలా?

దాన్ని సరిచేసి బుర్ర చల్లబరుచుకుందామని డాబా మీదికి తీసుకెళ్లాడు. ఆదివారం ఎండకి ఆ చుట్టుపక్కల డాబాలన్నిటి మీదా మనుషులు, పరుపులు, ఊరగాయ జాడీలు. వేరుశనక్కాయలు వలుచుకుంటూ, కిన్నో కమలాలు తింటూ కూర్చున్నాం. జేబులోంచి ఒక ఫోను తీసి ఇచ్చాడు. స్నేహితుడు విదేశం నుంచి తెచ్చుకుంటే నాలుగు రోజులు చూసిస్తానని తీసుకున్నాడట. దానికి కీలు లేవు. అద్దం మీద వేలు పెడితే కీలు పుడతాయి, అక్కర్లేనప్పుడు మాయమవుతాయి. తెలుగు వార్త ఒకటి తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి.

"కొన్నాళ్లకి ఇందులో తెలుగు వస్తుంది" అన్నాడు. "ఆ తర్వాత కీబోర్డే ఉండదు ఆంటీ. ఆప్ బోలేంగీ, వో లిఖేగా. మీరు మాట్లాడితే అదే రాస్తుంది."

అద్దం మీద వేలు ఆనించి చూశాను. వేలు పడితే ఆపే కీ లేదు, తిరిగి పైకి నెట్టే బిగువు లేదు. నీళ్ల మీద టైపు కొడుతున్నట్టుంది. భయం వేయలేదు. బుర్రలో మెల్లగా ఏవేవో తేలాయి. ఎక్కడో ఒక గదిలో ఎవరో మాట్లాడుతుంటే గోడ మీద గుణింతాలు వాటంతట అవే పూస్తున్నాయి, ముందు ఏది తర్వాత ఏది అని ఎవరూ అడగడం లేదు. మరి ఆ గదిలో ఊరుకున్నప్పుడు వేళ్లు ఏం చేస్తుంటాయి? ఎండ వెచ్చగా ఉంది. కాసేపు కునుకు పట్టిందనుకుంటాను.

లేచేసరికి నిఖిల్ నా వైపే చూస్తున్నాడు. "ఆంటీ, బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి. ఈ ప్రోగ్రామ్ పాత వేళ్ల కోసం. సుగుణా ఆంటీకి బాగుంటుంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి మీరు లెటరే ముందు నేర్పండి. ఆగే సబ్ వైసా హీ హోగా." ముందు ముందు అన్నీ అలాగే ఉంటాయట.

నాకు కోపం వచ్చింది. తొక్కలన్నీ ఏరి కాగితంలో మూట కట్టి కిందికి దిగిపోయాను. వాడు అన్నది నిజమని తెలిసి వచ్చిన కోపం అది, అందుకే త్వరగా పోలేదు.

కింద, ఇంకో టైపిస్టు చేత కూడా కొట్టించి చూడాలన్నాడు. గదిలో ఇంకో టైపిస్టు పద్మజ ఒక్కతే. "అబ్బే, నాకు రాదు, వేళ్లు మర్చిపోయాయన్నానుగా" అని వెనక్కి తగ్గింది. ఒకప్పుడు తరగతిలో వాడిన గొంతుతోనే కూర్చోమన్నాను. కూర్చుంది. మొదటి లైను తడుముకుంది. రెండో లైనులో నడుము నిటారైంది. మూడో లైను నుంచి ఆ పసుపు కీబోర్డు మోగిపోయింది. జల్లు పడ్డట్టు ఒకే తీరున, ఒక్క తప్పు లేకుండా. చుక్కల సున్నా ఒక్కటీ రాలేదు. పద్మజ కళ్లు కీల మీద లేవు, తెర మీద లేవు. ఎదురుగా కిటికీ బయట, సాయంత్రానికి మళ్లీ దిగుతున్న మంచు మీద ఉన్నాయి.

నిఖిల్ తెరను చూడడం మానేసి తల్లినే చూశాడు. కూర కలిపే చేతులనే తప్ప ఆ చేతులను వాడు ఎరగడు.

"మమ్మీ క్యా లిఖ్ రహీ హై?" అని నన్ను మెల్లగా అడిగాడు.

చదివి వినిపించాను. "అయ్యా, తమ కార్యాలయమునకు సమర్పించుకొను విన్నపము." ముగ్గురం నవ్వాం. పద్మజ మాత్రం నవ్వుతూ నవ్వుతూ భుజానికి ముఖం తుడుచుకుంది, కొట్టడం ఆపలేదు.

బందరు

పరీక్ష రోజున, నిఖిల్ తన ప్రోగ్రాము ఎక్కించి ఇచ్చిన సీడీ పట్టుకుని సుగుణతో వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. బయటి ప్రోగ్రాము వేయడానికి వీల్లేదని సూపర్నెంటు మొదట ససేమిరా అన్నాడు. కంప్యూటర్లు చూసే అబ్బాయి దాన్ని పరీక్షించి, హాని లేదు సార్ అన్నాక, "తెలుగే కదా వచ్చేది? కానివ్వండి" అన్నాడు.

నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. పరీక్షల్లో బయట కూర్చోవడం నాకు అలవాటే. తలుపు వేసి ఉన్నా చప్పుడును బట్టి ఎవరు తడబడ్డారో, ఎవరు లైను దాటారో చెప్పేదాన్ని. ఆరోజు చెవులు రిక్కించాను. లోపల ఇరవై మంది కొడుతున్నారు, ఒక్క చప్పుడు లేదు. ఆ మెత్తటి కీబోర్డులు ఏమీ చెప్పవు. పది నిమిషాలు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. నా జీవితంలో ఏ పరీక్షకీ అంత భయపడలేదు.

సుగుణ బయటికి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఎక్కడైనా ఆగావా?"

"లేదండీ." తన వేళ్ల వైపు చూసుకుంది. "కంప్యూటరని మర్చిపోయానండి మేడం గారూ."

ముప్పై ఎనిమిది మాటలు. నెల తిరగకముందే పర్మనెంటు ఆర్డరు వచ్చింది. పూతరేకులు తెచ్చి నాకంటే ముందు ఢిల్లీకి పార్శిలు కట్టించింది.

ఆ తర్వాతి వారం డిగ్రీ చదివే శిరీష అనే అమ్మాయి నా దగ్గర చేరడానికి వచ్చింది. తెలుగు టైపు నేర్పమంది. ఇంతవరకు మిషను ముఖం చూడని చేతులు. కొత్తగా కొన్న కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. నిఖిల్ సీడీ అందులో వేయలేదు, అలమారాలో సుగుణ లాంటి వాళ్ల కోసం ఉంచాను.

"మేడం, 'కి' రాయాలంటే ముందు ఏది కొట్టాలండీ?" అంది.

"ముందు అక్షరం కొట్టు. తర్వాత గుడి."

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక పిల్లకి అలా చెప్పాను. చెబుతుంటే బల్ల మీద నా వేలు మాత్రం గుడినే ముందు కొట్టింది. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.